మూడు బంతులు

అంగడికి ముందురోజు పొద్దున్నే అండాలు అనుకున్న పనులు పెద్దవేమీ కావు. మొక్కల మొదళ్లకు నీళ్లు పోయాలి, పండుటాకులు ఏరెయ్యాలి, పెరడు ఊడ్చి ముగ్గు వేయాలి. మర్నాడు ఇంటి యజమాని అమరేందర్ పటేల్ వస్తున్నాడు. వచ్చి, ఆ పెరట్లో పిండి గిర్ని పెట్టాలా వద్దా తేలుస్తాడు. నిజానికి తేల్చడానికి ఏమీ మిగల్లేదని, ఇంజను ఎక్కడ దించాలో కొలుచుకోవడానికే వస్తున్నాడని అండాలు భర్త యాదయ్యకు తెలుసు. ఆ మాట భార్యతో చెప్పే ధైర్యం లేక, తనకు కోస్గి దవాఖానలో కాంపౌండరు ఉద్యోగం ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకుని, ఆ రోజు వేళకు ముందే డ్యూటీకి పోయాడు.

ఆ పెరడు సంగతి కొంచెం చెప్పుకోవాలి. వాళ్లు కిరాయికి దిగిననాడు అది ఉత్త రాళ్ల జాగా. గడ్డపార వేస్తే ఖంగుమనేది. అండాలు రాళ్లేరింది, మట్టి పోయించింది, పెంట ఎరువు కలిపింది. పంచాయతీ ఆఫీసుకు కొత్తగా వచ్చిన రేడియోలో ఎవరో ఒకాయన ఎండలు ముదిరేలోపు పూలమొక్కలు ఎలా పెంచాలో చెబుతుంటే, యాదయ్య విని వచ్చి భార్యకు అప్పజెప్పేవాడు.

"చలి వోంగనే నారు నాటాలెనట. బంతికి బంతికి నడుమ ఎడం ఉండాలెనట. నీళ్లు ఆకుల మీద గాదు, మొదట్లనే పొయ్యాలెనట."

ఇంతవరకూ బాగానే ఉంది. ఒకరోజు మాత్రం, "మొగ్గ కనవడంగనే కొసలు తుంపాలెనట" అన్నాడు.

"తుంపుడా? గా చెప్పినాయన పెండ్లాం పువ్వులు వెట్టుకోదా?" అని అండాలు మండిపడింది. రెండు రోజులు రేడియో మీదా మొగుడి మీదా కలిపి అలిగింది. ఆ తర్వాత ఏడుస్తూనే తుంచింది.

తుంచిన చోట పక్కల నుంచి కొమ్మలు వచ్చాయి. ఆ కొమ్మలకు మళ్లీ కొమ్మలు. చైత్రం వచ్చేసరికి మూడు వరుసల బంతి నడుమెత్తు లేచి, ఒక్కసారే పూసింది. ఊరి చుట్టూ నేల నెర్రెలు విచ్చిన రోజుల్లో ఆ గోడ వెనక పసుపూ కాషాయమూ పోటీపడుతుంటే, పొద్దున్నే తలుపు తీసిన అండాలు ప్రతిరోజూ గడపలోనే ఆగిపోయేది. తన చేత్తో నాటినవే, అయినా నమ్మకం కుదిరేది కాదు. బంతి గింజ చూడబోతే చీపురుపుల్ల తునకలా ఉంటుంది. ఇంత వెలుగు అందులో ఎక్కడ ఇమిడిందో ఆమెకు అంతుపట్టలేదు. దిష్టి తగులుతుందన్న భయంతో పెరటి తలుపు ఎవరి ముందూ తీయలేదు. గోడ ఎత్తుగా ఉంది కాబట్టి వాడలో ఎవరూ ఆ పూలను చూడలేదు. పటేల్ ఒక్కసారి చూస్తే చాలు, గిర్ని సంగతి మరిచిపోతాడని ఆమె ఆశ.

మనసంతా అదే నిండి ఉండటంతో, బాయి దగ్గర పక్కింటి బీరమ్మ పలకరించినప్పుడు ఆమె నోట వేరే మాట రాలేదు.

"ఏం బిడ్డా, రేపు పటేల్ వస్తాండట గద?"

"వస్తాండు చిన్నమ్మా. మూడు బంతులు తయారున్నయి. గవ్వి చూసినంక ఏమంటడో!"

బీరమ్మ చేతిలో చేద జారి బాయిలో పడింది. ఆమెకు తోచిన బంతి ఒకటే. జనం వరుసగా కూర్చుంటే ముందు విస్తరి వేసి అన్నం పెట్టేది.

"మూడు బంతులా! గంత జాగ యాడిదే?"

"జాగకేంది? బంతికి బంతికి నడుమ మంచిగ ఎడం వెట్టిన. మనిషి సుకూన్‌గ కూసోవచ్చు. నీళ్లకే పరేశాన్ అయితాంది."

"నీళ్లకు ఫికర్ జెయ్యకు. గిసొంటి పనికి ఒక్కదానివే తిప్పలవడుడేంది? మేమంత లేమా?"

పూలంటే బీరమ్మకు ఇంత ప్రేమ ఉందని తెలియక, ఇన్నాళ్లూ ఆమెను దూరం పెట్టినందుకు అండాలు లోలోపల సిగ్గుపడింది. బీరమ్మ చేద తీయించుకునే పని కూడా మానేసి వాడలోకి నడిచింది. అమరేందర్ పటేల్ మూడు బంతుల అన్నం పెడుతున్నాడన్న మాట పొద్దెక్కేసరికి వాడ దాటింది. పటేల్ తండ్రి కాలం నుంచి ఆ ఇంట ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలరని పేరు. అందుకే మొదట ఎవరూ నమ్మలేదు. తరువాత, అందుకే, ఎవరూ తప్పిపోకూడదనుకున్నారు.

సాయంత్రం వంటల జంగయ్య రెండు పెద్ద గుండిగలు మోయించుకుని యాదయ్య ఇంటి ముందు దిగాడు. ఆ చుట్టుపక్కల ఏ శుభకార్యానికైనా వండేది అతనే.

"మూడు బంతులని ఎరికైంది సారూ. గుండిగలు తెచ్చిన."

"నీళ్లకా?" అన్నాడు యాదయ్య సంతోషంగా.

"మరి? ముందుగాల నీళ్లే గద. తవ్వుడు ఏడ తవ్వాలె?"

మొక్కలకు నీరు పారించే కాలువ గురించి కూడా రేడియోలో చెప్పారు. ఇంత సంగతి జంగయ్యకు ఎలా తెలిసిందా అని యాదయ్య ముచ్చటపడ్డాడు. "పెరటి గోడ బయట, గోడ పొడుగునా తవ్వు. లోపలికి మాత్రం రాకు, మా ఆమె లొల్లి వెడతది. గిట్లనే తవ్వాలెనని రేడియోల గూడ చెప్పిండ్రు."

కాలువలా పొడుగ్గా తవ్వే గాడిపొయ్యి గురించి రేడియోలో కూడా చెబుతున్నారని విని జంగయ్యకు ప్రభుత్వం మీద గౌరవం పెరిగింది. బారెడు పొయ్యి తవ్వి, కట్టెలు పేర్చి పోయాడు.

తెల్లారి వాడంతా చెంబులతో వచ్చింది. ముసలీ ముతకా, చంకలో పిల్లలు. తలుపు తీసిన అండాలుకు ఆ చెంబులు చూడగానే కళ్లు నిండాయి. తన మొక్కలకు నీళ్లు పోయడానికి ఇంతమంది! దిష్టి మాట మరిచి, ఆ వాడలో ఎవరికీ తీయని పెరటి తలుపు బార్లా తీసింది.

ముందు అడుగు పెట్టినవాళ్లు ఆగిపోయారు. వెనకవాళ్లు తోసుకొచ్చి వాళ్లూ ఆగిపోయారు. ఎదురుగా పొద్దు పొడుస్తోంది. మూడు వరుసల పూలూ వెలుగుతున్నాయి. హనుమమ్మ అనే ముసలావిడ ఒక పువ్వు దగ్గర చెయ్యి పెట్టబోయి, కాలుతుందేమో అన్నట్టు వెనక్కి తీసుకుంది.

"గీ రాళ్లల్లనా బిడ్డా? గీ రాళ్లల్లనే?" అంది. అండాలు తల ఊపింది.

తరువాత అందరూ వరుసల నడుమ, ఒక్క రెమ్మకు తగలకుండా ఒద్దికగా కూర్చున్నారు. చెంబు పక్కన పెట్టుకున్నారు. బొడ్లోంచి మోదుగాకు విస్తర్లు తీసి ముందు పరుచుకున్నారు.

"పప్పొక్కటేనా, కూర గూడనా?" అని అడిగింది హనుమమ్మ.

అండాలుకు అప్పుడు అసలు సంగతి తెలిసింది. బీరమ్మను మూలకు లాగింది. "చిన్నమ్మా, నేను చెప్పింది పూల బంతి!"

బీరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సప్పుడు జెయ్యకు. కూసున్న బంతిని లేపుతే ఇంకేమన్న ఉన్నదా? మొఖం ఏడ వెట్టుకుంటం?"

అది నిజమే. విస్తరి వేసుకుని కూర్చున్నవాళ్లను లెమ్మనడం కన్నా పెద్ద అవమానం ఆ సీమలో లేదు. యాదయ్య దవాఖానకు వేళయిందని లేవబోయాడు. అండాలు చూసిన చూపుకు మళ్లీ కూర్చున్నాడు. ఇంట్లో ఉన్న బియ్యం ఈ జనంలో పిల్లలకు కూడా చాలవు. పటేల్ వచ్చి ఇది చూస్తే తోట సంగతి అటుంచి, ఇల్లే ఖాళీ చేయమంటాడు.

సరిగ్గా అప్పుడే ఎద్దుల గంటలు వినిపించాయి. అమరేందర్ పటేల్ అంగట్లో అమ్ముదామని బండిలో రెండు బియ్యం బస్తాలు వేసుకుని, దారిలో పెరడు కొలుచుకుపోదామని వచ్చాడు. చేతిలో కొలతతాడు ఉంది. పెరటి తలుపు దాటాడు. నిలబడ్డాడు.

ఇంతమంది ఎందుకున్నారో అడగాలని కూడా అతనికి తోచలేదు. తన చిన్నప్పటి నుంచీ రాళ్లు తప్ప ఏమీ చూడని ఆ జాగాలో పూలు, పూల నడుమ మనుషులు, వాళ్ల తలలకు పైన మళ్లీ పూలు. తాడు చేతిలోంచి జారిపోయింది. ముఖం చంటిపిల్లవాడి ముఖంలా అయింది.

"పటేలా, బస్తాలు దించుదామా?" అని వెనక నుంచి జంగయ్య అడిగాడు.

"ఊఁ..." అన్నాడు పటేల్. ఆ ఊఁ పూలకు చెప్పింది. జంగయ్య బియ్యానికి చెప్పిందనుకున్నాడు.

పటేల్ తేరుకునేసరికి గాడిపొయ్యి మీద ఎసరు మరుగుతోంది, బియ్యం అందులో ఉంది. ఏమీ ఎరగనట్టు బీరమ్మ తన ఇంటి కందిపప్పు తెచ్చింది, ఇంకొకరు చింతపండు తెచ్చారు.

"నా బియ్యం..." అని పటేల్ గొంతు ఎత్తాడు.

"సల్లగుండు కొడుకా!" హనుమమ్మ రెండు చేతులూ ఎత్తింది. "మీ బాపు బతికిననాళ్లు ఒక్క మెతుకు రాల్చలే. గీ పూల నడుమ కూసోవెట్టి పెడుతున్నవు. దేవలోకం గూడ గిట్లనే ఉంటదేమో!"

బంతులన్నీ అవునన్నాయి. పటేల్ జనాన్ని చూశాడు, ముందున్న విస్తర్లను చూశాడు. కూర్చున్న బంతిని లేపలేమని అతనికి కూడా తెలుసు. అదీగాక, పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అతణ్ని దీవించలేదు. కాసేపు అటూ ఇటూ తిరిగి, రుమాలు నడుముకు చుట్టి గరిటె అందుకున్నాడు. మూడు బంతులకూ తనే వడ్డించాడు. చివరికి ఒక విస్తరి వేసుకుని పూల పక్కన కూర్చున్నాడు. తింటూ తింటూ తలెత్తి చూసి, ముద్ద చేతిలోనే మరిచిపోయేవాడు. ఈ బంతుల వెనక ఏ బంతి ఉందో బీరమ్మ మెల్లగా అతని చెవిన వేసింది.

ఎండ ఎక్కేసరికి జనం తిని, దీవించి, ఎవరి విస్తరి వాళ్లు ఎత్తుకుని వెళ్లారు. వరుసల్లో ఒక్క పువ్వు రాలలేదు. పటేల్ కొలతతాడు చుట్టి బండిలో పడేశాడు. బండి ఖాళీగా ఉంది. అండాలు గుమ్మంలో నిలబడి అతని నోటి వైపే చూస్తోంది.

"గిర్ని అంగడికాడ పెట్టుకుంట," అన్నాడు పటేల్ ఆమె వైపు చూడకుండా. "గీ జాగ నీ పూలకే ఉండనియ్యి."

అండాలు అక్కడే కూలబడి ఏడ్చింది. యాదయ్య దండం పెట్టాడు. బండి కదిలింది. సందు మలుపు దాకా పోయి, ఆగింది. పటేల్ వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు.

"వచ్చే సాలు మాత్రం చామంతి పెట్టుకోండ్రి!"