మూడవ సొరుగు ముట్టడి

సహస్రకిరణుడగు సూర్యుడు పక్కింటి నీళ్ళ ట్యాంకుపైకెక్కి, తన వేయి కిరణములలో ఒక గుప్పెడు ఏరి, పెరటి రేకుల షెడ్డుకు గల ఏకైక గవాక్షము గుండా లోనికి విసరుచున్న ఆ ఉదయవేళ, మరణించిన పంపుమోటారులకు పునర్జన్మప్రదాతయు, తుప్పుదానవ సంహర్తయు, ఎడమచేతి బొటనవ్రేలికి నిత్యము ప్లాస్టరు ధరించువాడును అగు మెకానిక్కు మహాశయుడు తన నూతన పనిముట్ల ఉక్కుబీరువా ఎదుట నిలిచి మీసము సవరించుకొనెను.

ఆ బీరువాకు సొరుగులు ఏడు, రంగు ఎరుపు, ఠీవి అపారము. అది ఇంట అడుగిడిన నాడు దానికి తగిన పీఠస్థానమునకై నలుదిక్కులు పరికించి, మహాశయుడు షెడ్డు కిటికీ పక్కనున్న వెలుగు మూలను ఎంచెను. అంతవరకు ఆ మూలలో ఆయన ఇల్లాలి కుట్టుమిషను ఉండెడిది. వీధివారందరికి రవికెలు, బడిపిల్లలకు చొక్కాలు కుట్టు ఆ సూచీధారిణి తన మిషనును వంటింటి పక్క నడవలోనికి జరుపుకొనుచు ఒక్క మాట అడిగెను.

"మరి నాకేంటి లాభం?"

అంతట వీరుడు దక్షిణహస్తమెత్తి, బీరువా మోసి ఇంకను రొప్పుచున్న బావమరిది సాక్షిగా ఇట్లు ప్రతిన పూనెను: "వినుము, గృహరాజ్ఞీ. నేటినుండి నీకు ఏ పనిముట్టు కావలసినను, నీవు దాని పేరు పలికి ముగించునంతలో అది నీ కరకమలమున వ్రాలును. వ్రాలని నాడు ఈ మూల నీది, ఈ వెలుగు నీది."

"చూద్దాంలెండి," అనెను ఇల్లాలు.

ఆ చూచు దినము నేడు రానే వచ్చెను.

"ఏవండీ, మిషను సూది ఊగుతోంది. చిన్న స్క్రూడ్రైవర్ ఇటివ్వండి," అని నడవ నుండి పిలుపు వినవచ్చెను. "సాయంత్రం బడివాళ్ళు చొక్కాల కోసం వస్తారు. సగం వాటికి ఇంకా కాలర్లే వెయ్యలేదు."

పూర్వము మంచము క్రింద, కిటికీ గట్టున, చొక్కా జేబున ఎక్కడబడిన అక్కడ దొరకెడి స్క్రూడ్రైవర్లన్నిటిని, బీరువా వచ్చిన ఉత్సాహమున ఒక్కటియు మిగులకుండ ఏరి మూడవ సొరుగున ప్రతిష్ఠించిన ఆ క్రమశిక్షణాభిమాని, చిరునవ్వుతో రెండు వ్రేళ్ళు చాచి దాని పిడిని లాగెను. సొరుగు రాలేదు. చిరునవ్వు మాని ఒక చేత లాగెను. పిదప రెండు చేతుల లాగెను. కాలు తన్నిపెట్టి లాగగా బీరువాయే ఆయన మీదికి ఒరగెను గాని సొరుగు కదలలేదు.

రెండవదానిని లాగెను, రాలేదు. మొదటిది రాలేదు. నాలుగు, ఐదు, ఆరు, అన్నియు బిగదన్ని కూర్చుండెను. ఏడవది నేలకు దగ్గరగా నుండెను. దానిని పరీక్షించుటకు నడుము వంచవలెను. ఆ నడుమో, ఎవరికిని వంగని రాజసము కొంతకాలముగా అలవరచుకొనినది. ఆరుగురు తిరుగబడినప్పుడు ఏడవవాడు మాత్రము నమ్మకస్తుడగునా యని తర్కించి, మహాశయుడు దానివంక చూడకయే దానిని కూడ ద్రోహులలో జమకట్టెను.

అటుపిమ్మట జరిగిన సంగ్రామమును వర్ణించుట నాబోటి వానికి తలకు మించిన పని. తాళపుచెవి కుడికి తిరిగెను, ఎడమకు తిరిగెను, ప్రయోజనము లేకపోయెను. అంచులయందు తైలధారలు కురిసెను. వానిపై కొవ్వొత్తి రుద్దబడెను. ఈ ఉభయాస్త్రముల ఫలితముగా సొరుగు యథాస్థానమున నుండగా, వీరుని వ్రేళ్ళు మాత్రము పిడి మీద నిలువక జారసాగెను.

అప్పుడు ప్రహరీగోడపై బావమరిది శిరస్సు ఉదయించెను. అడుగకున్నను సలహాలొసగు దానశీలి అతడు.

"బావా, నూనె వేసి చూశావా?"

"వేశాను."

"అయితే ఎక్కువైందేమో. తుడిచి చూడు."

మహాశయుడు కోపారుణనేత్రుడై సుత్తినెత్తి బీరువానుద్దేశించి ఇట్లు గర్జించెను: "ఓరీ లోహాధమా, నిన్ను మా ఇంట నిలుపుటకు నా ఇల్లాలిని చీకటి నడవకు పంపితిని. ఆ కృతజ్ఞత ఇదియా? ఈ క్షణమున నీ వక్షము భేదింతును." అని ఎత్తిన సుత్తిని ఎత్తినట్లే ఉంచి, ఎర్రరంగు పెచ్చులూడునేమో యని తోచగా, సొరుగుపై మడిచిన తువ్వాలు అడ్డుపెట్టి, పసిబిడ్డను జోకొట్టునట్లు రెండుమార్లు తట్టెను.

"ఏవండీ, దొరికిందా?" అని నడవ మరల పలికెను.

"వస్తోంది, వస్తోంది."

"అక్కా, నువ్వింకా దాని పేరు చెప్పడం ముగించలేదనుకుంటా," అనెను గోడమీది శిరస్సు.

ఆ మాటతో వీరునికి ప్రతిన గుర్తుకు వచ్చెను. మూల పోవును. బీరువా పోయి చీకటిలో నిలుచును. వీధిలో నవ్వులపాలగుట ఒకటి మిగులును. ఆయన కన్నులు మూసి, పిడికి తువ్వాలు చుట్టి, తన దేహభారమంతయు మూడవ సొరుగుకు వ్రేలాడదీసెను.

సరిగ్గా ఆ సమయమున, కాలరులేని చొక్కానొకదానిని భుజమున వేసికొని ఇల్లాలు షెడ్డులోనికి వచ్చెను. వచ్చి రెండడుగులు వేయకమునుపే ఆమె కాలివ్రేలికి ఏదియో తగిలెను.

"అబ్బా," అని ఆమె క్రిందికి చూచెను. ఏడవ సొరుగు రెండంగుళములు బయటికి వచ్చి, నోట ఒక నూనెగుడ్డ కరచుకొని యుండెను. ఆమె గుడ్డను లోనికి కుక్కి సొరుగును పాదముతో ఒక్క తోపు తోసెను.

టక్కుమనెను.

మరుక్షణమే మూడవ సొరుగు పరమవినయమున బారెడు బయటికి రాగా, దానిని పట్టి వ్రేలాడుచున్న మహావీరుడు నేలపై చతికిలబడెను. స్క్రూడ్రైవర్లు రెండు ఎగిరివచ్చి ఆయన ఒడిలో వ్రాలెను.

"ఒకటి తెరిచి ఉంటే ఇంకోటి తెరుచుకోదు, బీరువా ముందుకు పడకుండా అలా చేశారు అని మీరేగా చెప్పారు," అనెను ఇల్లాలు. "తెచ్చిన రోజే చెప్పారు."

"నాకు రెండుసార్లు చెప్పాడక్కా," అనెను గోడ.

ఆమె మగని ఒడినుండి చిన్నదానిని ఏరుకొని వెడలెను. ప్రతిన ఊసే ఎత్తలేదు. మహాశయుడు లేచి, వెనుక దుమ్ము దులుపుకొని, "జితము, మూడవ సొరుగు జితము," అని చాటెను. గోడమీది శిరస్సు అప్పటికే అస్తమించెను, వినుటకు ఎవరును లేరు. అందుచేత మెప్పుకోరి నడవలోనికి నడచెను.

అచట సూది బిగింపబడియుండెను. ఇల్లాలు దారపు మొన తడిచేసి, ఒక కన్ను మూసి, సూదిని గురిచూచుచుండెను. దారము తప్పెను. మరల తడిచేసెను, మరల తప్పెను.

"కాస్త ఆ లైటు వెయ్యండి," అనెను ఆమె తల ఎత్తకుండ.

మహాశయుడు స్విచ్చి వైపు చేయి చాచి ఆగిపోయెను.

"వేసే ఉందే," అనెను నెమ్మదిగా.

ఆమె కుర్చీ కొంచెము వంటింటి ద్వారమువైపు జరుపుకొని మరల ప్రయత్నించెను. ఇన్ని దినములుగా ఆమె ఇట్లే కుట్టుచున్నదని ఆయనకు అప్పుడు తెలిసెను. సిగ్గు వేసెను. ఆ సిగ్గుకు సమాసమేదియు తోచలేదు.

ఆయన పెరటిలోనికి పోయి గోడవైపు పిలిచెను. "ఒరేయ్, ఇటు రా. ఓ చెయ్యి వెయ్యి."

"ఏం పట్టాలి బావా?"

"బీరువా. నడవలోకి."

బరువు తగ్గనిదే కదలని ఆ ఉక్కుపర్వతమును ఖాళీచేయవలసివచ్చెను. ఒక సొరుగు తెరచి, ఖాళీచేసి, మూసి, తరువాతిది తెరువవలెను. తొందరపడి రెండింటిని ఒక్కమారు లాగబోయిన బావమరిదికి ఆ యంత్రరహస్యమును మహాశయుడు మూడవమారు బోధించెను.

మధ్యాహ్నము కాకమునుపే కుట్టుమిషను కిటికీ చెంతకు చేరెను. ఇల్లాలు కూర్చుండి దారపు మొన తడిచేసెను. చెమటలు కారుచున్న వీరుడు, తాను చేసిన త్యాగమును కన్నులార చూచుకొనగోరి, రొమ్ము విరుచుకొని గవాక్షము ముందు నిలిచెను.

"కాస్త జరగండి," అనెను ఆమె. "వెలుగుకి అడ్డం వచ్చారు."

మహాశయుడు జరిగెను.

దశదిశలారా, వినుడు. పక్కింటి నీళ్ళ ట్యాంకా, నీవును వినుము. ఏ కన్నును మూయకుండ, రెండవమారు తడిచేయకుండ, దారము మొదటి మారే సూది బెజ్జమున దూరెను.