ఒర్సోలా సీసాలు తిప్పిందెవరు?

"ఈ లోకంలో నేరగాళ్ళు లక్షలమంది ఉంటారురా తర్చీజియో. వాళ్ళందరినీ పట్టగల బుర్ర మాత్రం ఒక్కటే ఉంది. ఆ బుర్ర కిందున్న గడ్డానికే నువ్విప్పుడు సబ్బు రాస్తున్నావు. కాస్త భక్తితో రాయి."

గౌదెంజియో ఈ మాట అన్నప్పుడు నా రెండో చేతిలో మంగలికత్తి ఉంది. నలభై ఏళ్ళ స్నేహం కాబట్టి బతికిపోయాడు.

వీడు మొన్నమొన్నటిదాకా మా ఊరి కాటా దగ్గర ద్రాక్ష బళ్ళు తూచేవాడు. ఉద్యోగం అయిపోయాక ఇంట్లో తోచక అపరాధ పరిశోధకుడయ్యాడు. మొదటి కేసు మా పాదిరిగారి గొడుగు. ముగ్గుర్ని అనుమానించి, ఇద్దరిచేత ఏడిపించి, చివరికి ఆ గొడుగు తన చంకలోనే ఉందని కనిపెట్టాడు. దాన్ని కూడా విజయం కిందే రాసుకున్నాడు.

సగం గడ్డం గీశానో లేదో ఒర్సోలా నా కొట్లోకి వచ్చింది. ఆమె భర్త సెవెరో నా ప్రాణస్నేహితుడు. పోయి మూడున్నరేళ్ళు దాటింది. ఆమె నాతో మాట్లాడదామని వచ్చింది గానీ, ఖర్మకాలి కుర్చీలో వీడున్నాడు.

"తర్చీజియో అన్నా, నా సీసాలతో ఎవరో ఆడుకుంటున్నారు" అంది, గుమ్మంలోనే నిలబడి.

ఆ సీసాల సంగతి ఊరందరికీ తెలుసు. సెవెరో పోయాక ఆమె ఒంటి చేత్తో చేసిన మొదటి బుడగల వైన్ అది. ఆరు వందల నలభై సీసాలు. మూడేళ్ళు నేలమాళిగలో పడుకోబెట్టి, ఈమధ్యే చిల్లుల బల్లలకి తలకిందులుగా గుచ్చింది. రోజూ ఒక్కో సీసాని ఒక మెట్టు తిప్పుతూ పోతే లోపలి మడ్డి అంతా మెల్లగా మూతలోకి దిగుతుంది. ఆ మూత ఎగరగొడితే మడ్డి పోయి, లోపల తేట వైన్ మిగులుతుంది. ఎంత తిప్పామో తెలియడానికి సీసా అడుగున తెల్ల సున్నంతో ఒక గీత ఉంటుంది.

"పొద్దున్నే గీతలన్నీ ఒక మెట్టు తిప్పి తోటకి పోతాను. మర్నాడు వచ్చి చూస్తే గీతలన్నీ మళ్ళీ మొదటి చోటే ఉంటున్నాయి. తొమ్మిది రోజులై ఇదే వరస. మడ్డి చుక్క కూడా దిగలేదు. వైన్ సంఘంవాళ్ళు రుచి చూడడానికి ఇంకా నెల కూడా లేదు. వైన్ మబ్బుగా ఉంటే మన ప్రాంతం వైన్‌కుండే ఫ్రాంచాకోర్తా పేరు పెట్టుకోనివ్వరు."

"పెట్టుకోనివ్వకపోతే?" అన్నాడు గౌదెంజియో, సబ్బు మూతితో.

"తోట మా పక్క రైతు ఎజిదియోకి కౌలుకి ఇచ్చేయాలి. మా మామయ్యని తీసుకుని బ్రెషా పట్నంలో మా అక్క ఇంట్లో మూల గదిలో ఉండాలి. ఆయన ఆ తోటలోనే పుట్టాడు. బయటికి తీసుకెళ్తే వారం బతకడు."

గౌదెంజియో మెడకున్న గుడ్డ పీకేసి లేచాడు. సగం గడ్డం గీసి ఉంది, సగం లేదు.

"అమ్మా, నిశ్చింతగా ఇంటికెళ్ళు. ఈ క్షణం నుంచి నేరం భయపడాలి" అన్నాడు.

"మిగతా సగం గీయించుకోరా" అన్నాను.

"నేరస్థుడు కుడివైపు నుంచి చూస్తే ఒక మనిషి, ఎడమవైపు నుంచి చూస్తే ఇంకో మనిషి. దీన్నే మారువేషం అంటారు."

ఆ వేషంతోనే ఒర్సోలా ఇంటికి వెళ్ళాం. వంటింట్లో పొయ్యి పక్కన ఆమె మామగారు బతిస్తా కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్ళు ఈ చుట్టుపక్కల అన్ని నేలమాళిగల్లోనూ సీసాలు తిప్పిన చేతులాయనవి. గంటకి నాలుగు వేల సీసాలు తిప్పేవాడని చెప్పుకుంటారు. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్ల మీద కాలు పెడితే ఊరుకోనని డాక్టరు చెప్పి వెళ్ళాడు. గౌదెంజియో ఆయన్ని చూసి నా చెవిలో, "ఈయన్ని లెక్కలోంచి తీసేయ్. మోకాళ్ళు లేని మనిషి" అన్నాడు.

నేలమాళిగకి వంటింట్లోంచే మెట్లు. గౌదెంజియో మూడో మెట్టు మీద ఆగిపోయాడు. మెట్ల మధ్యలో దుమ్మంతా తుడిచేసినట్టు వెడల్పుగా ఒక చార పైనుంచి కిందిదాకా ఉంది.

"శవం" అన్నాడు.

"ఏంటి?" అంది ఒర్సోలా, గోడ పట్టుకుని.

"శవాన్ని ఈడ్చుకెళ్ళిన గుర్తు. వెడల్పు చూడు. బాగా తిన్న శవం."

"మా ఇంట్లో ఎవరూ పోలేదండీ."

"ఇప్పటికి పోలేదు" అని గౌదెంజియో పుస్తకంలో రాసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ, ఆడమనిషి ముందు తిట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను.

కింద బల్లలన్నీ చూసి, సీసాల వాసన చూసి, ఒక సీసాకి చెవి ఆనించి విని, చివరికి తేల్చాడు. "ఎజిదియో. తోట కావలసింది వాడికి. వైన్ చెడితే తోట వాడిది. ఇక సాక్ష్యం ఒక్కటే తక్కువ. అది రేపు పొద్దున్నకల్లా వాడి అరచేతుల్లో ఉంటుంది."

ఆ మహా పథకం ఏమిటంటే, బట్టలకి పెట్టే నీలిమందు చిక్కగా కలిపి సీసాల అడుగులకి పూయడం. తిప్పినవాడి చేతులు నీలమైపోతాయి. ఒర్సోలా మర్నాడు సీసాలు ముట్టుకోకుండా ఉండాలి. వినడానికి బాగానే ఉంది. పూసింది మాత్రం నేను. వాడు గిన్నె పట్టుకుని, మధ్యమధ్యలో చెయ్యి ముంచి చిక్కదనం చూశాడు. వాడికి పరిచయం ఉన్నవాళ్ళు కనిపిస్తే చెయ్యి కలపకుండా వదిలే అలవాటు లేదు. పైగా ఆ సాయంత్రం గొప్ప కేసు దొరికిన ఊపులో ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి మా ఊళ్ళో పదకొండుమందికి చేతులు నీలం. పాదిరిగారికి, పోస్టు ఇచ్చే ఆవిడకి, రొట్టెల కొట్టు ఇద్దరన్నదమ్ములకి. ఎజిదియోకి చేతులే కాదు, ముక్కు కూడా నీలం. చెయ్యి కలిపాక ముక్కు తుడుచుకున్నట్టున్నాడు. బతిస్తా చేతులు కూడా నీలమే, కానీ గౌదెంజియో ఆయనకి కూడా వీడ్కోలు చెబుతూ చెయ్యి కలిపాడు కదా, ఇంకేం తెలుస్తుంది.

గౌదెంజియో తన సొంత అరచేతులు జేబుల్లో పెట్టుకుని నా కొట్లో అటూ ఇటూ తిరిగాడు.

"ఇది ఒక్కడి పని కాదురా. ముఠా. అందులో చర్చి కూడా ఉంది."

"ముఠా నాయకుడు కాటా దగ్గర పనిచేసేవాడట" అన్నాను.

"పేరు చెప్పు. ఇప్పుడే రాసుకుంటా" అన్నాడు ఆత్రంగా.

ఆ రోజు కూడా కొన్ని గీతలు వెనక్కి తిరిగాయి. ఒర్సోలా ముట్టుకోకూడదన్నాం కాబట్టి అవి కదలకుండా ఉండాలి. ఉదయం మాత్రం ఆమె పొరపాటున అలవాటు కొద్దీ పైవరస తిప్పేసిందట. సరిగ్గా ఆ వరసే వెనక్కి వెళ్ళింది. మిగతా వరసలు కదలలేదు. ఈ సంగతి ఆమె చెప్పినప్పుడు నాకు ఏదో తట్టినట్టయింది. అంటే ఆ మనిషి వైన్ చెడగొట్టడానికి రావడం లేదు, ఆమె తిప్పినదాన్నే సరిచేస్తున్నాడు. అదే గౌదెంజియోకి చెప్పాను.

"ఆలోచించడం నీ పని కాదు. నువ్వు మంగలివి" అన్నాడు. సరేలే అని వదిలేశాను.

మూడో రోజు కాపలా. ఊరంతా అన్నాలు తిని కునుకు తీసే వేళ. ఒర్సోలా తోటలోకి వెళ్తున్నట్టు నటించి బయట పెరట్లో దాక్కుంది. గౌదెంజియో ఆమె నీలం ఏప్రాను కట్టుకుని, తలకి ఆమె రుమాలు చుట్టుకుని, ముఖానికి ఇనపతీగల ముసుగు పెట్టుకున్నాడు. సీసాలు అప్పుడప్పుడూ పేలతాయి, అందుకని నేలమాళిగలో అందరూ ఆ ముసుగు పెట్టుకునే పనిచేస్తారు. వాడి ఉద్దేశం, ఒర్సోలా అనుకుని నేరస్థుడు భయపడి నిజం కక్కేస్తాడని. బతిస్తా పక్కగదిలో నడుం వాల్చినప్పుడు మేమిద్దరం కిందికి దిగాం. నన్ను పీపా వెనక కూర్చోమన్నాడు.

"నా రెప్ప వాలదు. రాబందు కళ్ళు ఇవి" అన్నాడు.

పొద్దున్న ఒర్సోలా పెట్టిన సరస్సు చేప, దాంతో పొలెంతా అనే మొక్కజొన్న సంకటి మూడు పళ్ళాలు మింగి వచ్చాడు. రాబందు నాలుగో నిమిషానికి గుర్రు పెట్టింది.

నేను లేపుదామనుకునేలోపు పైన తలుపు కిర్రుమంది. తర్వాత మెట్ల మీద దబ్ అని చప్పుడు. కాసేపాగి మళ్ళీ దబ్. పీపా పక్కనుంచి తొంగి చూస్తే బతిస్తా. మెట్టు మెట్టుకీ పిర్రల మీద జారుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఆగి మోకాళ్ళు తడుముకుంటూ దిగుతున్నాడు. ఆ వెడల్పాటి శవం చార ఏమిటో నాకప్పుడు అర్థమైంది.

ఆయన గోడ పట్టుకుని లేచి బల్ల దగ్గరికి వచ్చి, స్టూలు మీద కూర్చుని తల వాల్చిన ఏప్రానుని చూసి నిలబడిపోయాడు. గౌదెంజియో గుర్రు ముసుగులోంచి ఎక్కిళ్ళలా వస్తోంది.

"ఏడుస్తున్నావా అమ్మాయ్" అన్నాడు ముసలాయన. "ఏడవకు. నేనే. తప్పు నాదే."

గుర్రు.

"ఇంట్లో అందరం ఎడమకే తిప్పుతాం. మా నాన్న ఎడమకి తిప్పాడు, నేను ఎడమకి తిప్పాను, సెవెరో కూడా. నువ్వేమో కుడికి తిప్పుతున్నావు. చెబితే మనసు కష్టపెట్టుకుంటావని, నువ్వు తోటకి పోయాక వచ్చి వెనక్కి పెడుతున్నాను. మర్నాడు నీకే తెలుస్తుందిలే అనుకున్నాను. నీకేమో ఎంతకీ తెలియట్లేదు."

గుర్రు ఇంకా గట్టిగా వచ్చింది.

"మొగుడు పోయిన పిల్లవి. నీకు రాదని నా నోటితో ఎలా చెప్పను?" అని ఆయన ఆ రుమాలు తల మీద మెల్లగా చెయ్యి వేశాడు.

దాంతో గౌదెంజియో దిగ్గున లేచి ఆయన్ని వాటేసుకున్నాడు. "ఎజిదియో, నీ ఆట కట్టింది!"

ముసలాయన కేకకి ఒర్సోలా పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నేను పీపా వెనకనుంచి లేచి, విన్నదంతా పొల్లు పోకుండా చెప్పాను. గౌదెంజియో ముసుగు లోపల నోరు వెళ్ళబెట్టి విన్నాడు.

ఒర్సోలాకి ముందు అరికాలి మంట నెత్తికెక్కింది. "పన్నెండు రోజులు మామయ్యా! నిద్ర లేకుండా చచ్చాను. ఎటు తిప్పినా ఒకటే అని వైన్ నేర్పే బడిలో చెప్పారు, రోజూ ఒకే వైపు తిప్పితే చాలు. మీరు వెనక్కి తిప్పుతుంటే ఇక దిగేదెలా? నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"నువ్వు నన్నొక్క మాట అడగొచ్చుగా. అరవై ఏళ్ళు తిప్పాను."

ఒర్సోలా ఒక సీసా అడుగున ఉన్న గీతని బొటనవేలితో రుద్దింది. "అడిగితే నాకేం రాదని మీకు తెలిసిపోతుందని భయం వేసింది" అంది.

ఆ ఇద్దర్నీ చూసి నాకు జాలేసింది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, రోజూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తినే మనుషులు.

మర్నాటి నుంచి పొద్దున్నే నేనూ గౌదెంజియో బతిస్తాని కుర్చీతో సహా కిందికి దించేవాళ్ళం. ఆయన కర్రతో చూపించేవాడు, ఆమె తిప్పేది. ఎంత ఊపాలో, ఎప్పుడు వదలాలో, ఏ సీసా మొండికేస్తుందో అంతా చెప్పాడు. వైపు దగ్గర మాత్రం ఇద్దరూ తగ్గలేదు.

"ఎడమకి అమ్మాయ్."

"కుడికే మామయ్యా."

ఇరవై రెండు రోజుల తర్వాత సంఘం నుంచి ముగ్గురు వచ్చారు. ఒర్సోలా సీసా తీసింది. మూతతో పాటు మడ్డి ఎగరగొట్టి గ్లాసుల్లో పోసింది. ఆ ముగ్గురిలో పెద్దాయన గ్లాసు కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. అవతలి గోడమీది పగుళ్ళు కూడా కనబడేంత తేటగా ఉంది. సన్నటి బుడగలు తీరిగ్గా పైకి లేస్తున్నాయి. ఆయన తాగి, మిగతా ఇద్దరికీ తల ఊపి, కాగితం మీద సంతకం పెట్టాడు. ఫ్రాంచాకోర్తా పేరు వచ్చేసింది. తోట నిలబడింది.

"తిప్పిందెవరు?" అని అడిగాడు పెద్దాయన.

గౌదెంజియో గొంతు సవరించుకున్నాడు. నేను వాడి కాలు తొక్కాను.

"మా మామయ్య" అంది ఒర్సోలా.

"అబద్ధం" అన్నాడు బతిస్తా పొయ్యి దగ్గర నుంచి. "నేను చెడగొట్టాను. తిప్పింది మా కోడలు. అదీ తప్పు వైపుకి."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగి, కాసేపు నోట్లో ఉంచుకుని మింగాడు. మళ్ళీ ఇంకో గుక్క తాగాడు.

"మా సెవెరో చేసినదానికంటే బాగుంది" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఒర్సోలా ఏప్రాను ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. సెవెరోని పాతిపెట్టిన రోజున కూడా ఆమె ఏడవలేదు. గౌదెంజియో కళ్ళు చిట్లించి, ఈవిడ ఏదో దాస్తోందని జేబులోంచి పుస్తకం తీశాడు. నేను ఆ పుస్తకం లాక్కుని వాడి చేతిలో ఒక గ్లాసు పెట్టాను. వాడు తాగాడు, నోరు మూసుకున్నాడు.