ఎర్రచొక్కా పట్టాభిషేకం

హిల్కా మగ్గం ముందు కూర్చుందంటే ఆ ఇంటి బట్టలన్నీ ప్రాణాలు అరచేత పట్టుకునేవి. పాత దుప్పట్లు, కిటికీ తెరలు, కీర్తిశేషులైన మామగారి కోటు, అన్నీ పేలికలై, తివాచీలై, నేలకొరిగాయి. మిగిలింది ఒక్కటే: భర్త తౌనో తాలూకు ఎర్ర ఉన్నిచొక్కా.

అది సామాన్యమైన చొక్కా కాదు. తన జీవితంలోని ఏకైక మహామత్స్యాన్ని తౌనో పట్టింది ఆ చొక్కాలోనే. మోచేతులు చిరిగినా, గుండీలు రాలినా, చేపవాసన మాత్రం చెక్కుచెదరలేదు.

“బూడిదరంగు తివాచీలో ఒక్క ఎర్రచార పడాలి, తౌనో. ఆ చొక్కా ఇలా పారెయ్.”

“నా ప్రాణం ఉండగా ఇవ్వను!”

“సరే, ఆగుతాను. ఎంతసేపు పడుతుంది?”

“నీది గుండె కాదే, కత్తెర!”

“పోనీ, ఈ ఎండాకాలమైనా తివాచీలు ఉతకడానికి రేవుకి వస్తావా?”

“అబ్బా, నడుము!”

ఆ నడుము మహా వివేకం కలది. తివాచీల ఉతుకు రోజున విరిగేది, చేపలవేట రోజున అతుక్కునేది.

ఆ సాయంత్రమే తౌనో చొక్కాను కాగితంలో చుట్టి, తాడు బిగించి, పెరటి ఆవిరిస్నానపు గదిలో కట్టెల వెనక నిక్షేపించి, కట్టెలు తిరిగి పొందిగ్గా పేర్చాడు.

“దొంగలెత్తుకుపోయారు,” అన్నాడు భార్యతో, కళ్లు ఒత్తుకుంటూ.

“హెల్సింకి దొంగలు అంత దిగజారిపోయారా!” అంది హిల్కా.

అది మొదలు ప్రతి శనివారం ఆవిరిస్నానానికి వెళ్లినప్పుడల్లా అతడు ఆ మూటను భక్తితో తడిమి, విజయగర్వంతో చెమటలు కక్కేవాడు.

ఎండాకాలం వచ్చింది. “మోసుకొస్తే చాలు, ఉతకొద్దులే,” అని హిల్కా బతిమాలగా, తౌనో మూలుగుతూ తివాచీ చుట్టలన్నీ సముద్రపు రేవుకి మోశాడు. ఆమె కొత్తదాన్ని చెక్కబల్లపై పరిచింది. బూడిదరంగు నడుమ ఒకే ఒక్క ఎర్రచార, మంచుమీద సూర్యోదయంలా.

పక్కబల్ల దగ్గర బ్రష్షు ఆడిస్తున్న పొరుగింటి రైలీ ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగి ఎవరినీ మెచ్చుకోని మనిషి.

“చెడ్డగా లేదు,” అంది.

రేవులో తలలన్నీ ఇటు తిరిగాయి. ఫిన్లాండులో ఆ మాట కిరీటధారణతో సమానం.

“ఆ ఎరుపే మొత్తాన్ని నిలబెట్టింది,” అందింకొకామె.

హిల్కా ఒక బకెట్ నీళ్లు కుమ్మరించింది. ఎర్రచారలోంచి చిరపరిచితమైన చేపవాసన గుప్పుమంది.

“హిల్కా! ఇది... ఇది నా...”

“దొంగలు తిరిగిచ్చారు.”

“మరి ఆ మూటలో?”

“నీ చలికాలపు లోపలి పైజామా. వారం వారం దణ్ణం పెట్టుకున్నది దానికే. పుట్టినప్పట్నుంచీ కట్టె సర్దని మనిషివి, అంత ముచ్చటగా పేరిస్తే నాకు తెలియదూ!”

తౌనో నోరు తెరిచేలోపే రైలీ సాయపడబోయి, బ్రష్షుతో ఎర్రచారమీదికి వంగింది.

“ఆగండి! దాని జోలికి రాకండి! అది నా చొక్కా!”

బ్రష్షు లాక్కుని, నడుము వంచి బల్లమీద వాలాడు. సబ్బు నురగల మధ్య మహామత్స్యగాథ మొదలైంది. తోమినకొద్దీ చేప పెరిగింది. ఎర్రచార అయిపోయాక పక్కనున్న బూడిదరంగు వెలవెలబోతోందని అదీ తోమాడు. ఆ ఊపులో మిగతా తివాచీలూ తోమాడు. హిల్కా గట్టుమీద కూర్చుని, కాఫీ తాగుతూ, దాల్చినచెక్క రొట్టె కొరికింది.

“తౌనో, నడుము ఎలా ఉంది?”

“ఏ నడుము?” అన్నాడతడు, తల ఎత్తకుండా.

తివాచీని కమ్మీపై ఆరేసి, నాలుగడుగులు వెనక్కి వేసి, చక్రవర్తి తన పతాకాన్ని చూసినట్టు చూసుకున్నాడు. తరువాత భార్య చెవిలో, కాస్త సిగ్గుపడుతూ అడిగాడు.

“నా వేట ప్యాంటు ఆకుపచ్చది కదా... అంచుకి బాగుంటుందంటావా?”

హిల్కా తివాచీ అంచును జానతో కొలిచింది.

“చెడ్డగా ఉండదు.”