ఒంటరి పడవకు ఒడ్డు మనిషి

ఒంటరిగా చేపలు పట్టదలచిన ప్రతి పౌరుడూ అందుకు తగినంతమంది మనుషులను ముందుగా సమకూర్చుకోవలెను. ఇది నా మాట కాదు, జలవిహార శాఖవారి నిబంధనావళిలో మొదటి వాక్యం. (రెండో వాక్యం మొదటిదాన్ని రద్దు చేస్తుంది. మూడోది రెండోదాన్ని రద్దు చేస్తుంది. కాబట్టి ప్రస్తుతానికి మొదటిదే అమల్లో ఉంది.)

నేను పనిచేసేది ఓ పెద్ద కార్యాలయంలో, కొనుగోళ్ళ విభాగంలో. మా దగ్గర గుండుసూది కొనాలన్నా ముందు తులనాత్మక పట్టిక వేస్తాం. అడ్డంగా వస్తువులు, నిలువుగా వాటి గుణగణాలు. ఒకసారి మా గుమాస్తా ఒకాయన నడుంనొప్పికి మంచి కుర్చీ ఇప్పించమన్నాడు. మార్కెట్లో ఉన్న కుర్చీలన్నిటికీ పట్టిక వేసి, సంఘం కూర్చుని, ఎంపిక ముగించి, కుర్చీ తెప్పించి, ఆయన రిటైర్మెంటు సభలో ఆయన్ని అందులోనే కూర్చోబెట్టాం. ఆ పట్టిక వేసింది నేనే. అందుకు నాకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

అలాంటి నాకు ఒకరోజు సమావేశం మధ్యలో ఒక కోరిక పుట్టింది. నాలుగు వైపులా నీళ్ళు, నడుమ నేను, చేతిలో గాలం. "సార్, ఒక్క చిన్న విషయం" అనే మానవుడు కనుచూపుమేరలో ఉండకూడదు. మోకాళ్ళు ఇంకా నా మాట వింటూ ఉన్నప్పుడే అలా ఒక్క పూట గడపాలి. జీవితంలో నేను గట్టిగా కోరుకున్నవి చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి.

దీనికి తగిన పడవ పేరు సెంటర్ కన్సోల్. స్టీరింగు, మీటలు ఉండే దిమ్మె పడవకి సరిగ్గా మధ్యలో ఉంటుంది. దాని చుట్టూ నడవడానికి జాగా ఉంటుంది. చేప ఎటు లాగితే మనం అటు పరుగెత్తవచ్చు. (చేప నన్ను లాగుతుందని నాకెందుకంత నమ్మకమో ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటేస్తుంది. అప్పటికి నేను పట్టిన చేపల సంఖ్య, కుళాయిలో పట్టిన చేపల సంఖ్యా ఒకటే.)

ముందు పడవల దుకాణానికి వెళ్ళాను. టై కట్టుకున్న సేల్స్‌మాన్ ఎదురొచ్చాడు.

"ఎంతమంది వెళ్తారు సార్?"

"ఒక్కణ్ణే."

అతను గొంతు తగ్గించాడు. "ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా సార్?"

"శుభ్రంగా ఉన్నారయ్యా."

"మరి బాగుంటే ఒక్కరే ఎందుకండీ?"

అతను నన్ను జాలిగా చూసి, ఎనిమిది మంది కూర్చునే పడవ చూపించి, ఒక్కరే కాబట్టి కాళ్ళు చాపుకోవచ్చన్నాడు. నేను చిన్నదే కావాలని పట్టుబట్టాను. సరే ఎక్కి చూడమన్నాడు. దుకాణం నేల మీద, టైల్స్ పైన పెట్టిన పడవలో నిలబడి స్టీరింగు ఇటూ అటూ తిప్పాను. ఎవరూ చూడటం లేదనుకుని ఒకసారి గాలం విసిరినట్టు చెయ్యి కూడా ఊపాను. దిగి వెనక్కి తిరిగితే నా వయసువాళ్ళే ఇద్దరు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"ఎలా ఉంది సార్, నచ్చిందా?"

"పట్టికలో వేసి చెబుతాను" అన్నాను.

పట్టిక కోసం సమాచారం కావాలి. సమాచారం కోసం ఫోన్లో 'ఏకాంత మత్స్యకార మిత్రమండలి' అనే బృందంలో చేరాను. ఏకాంతం కోరుకునేవాళ్ళు వేల సంఖ్యలో ఉన్నారక్కడ. ఇరవై నాలుగ్గంటలూ మాట్లాడుకుంటూనే ఉంటారు. వీళ్ళలో రెండు తెగలు. పడవ అడుగు కోసుగా ఉండాలనేవాళ్ళు ఒకటి, చదునుగా ఉండాలనేవాళ్ళు ఒకటి. కోసుది అలల మీద కుదుపు తగ్గిస్తుంది, చదునుది లోతు లేనిచోట కూడా తేలుతుంది. ఇంత చిన్న విషయానికి తోడల్లుళ్ళు మాటలు మానేసిన ఇళ్ళున్నాయని అక్కడే తెలిసింది. నేను రెండు వైపులా సమన్వయం చేస్తూ ఒక సుదీర్ఘ వ్యాసం రాశాను. అది చదివి రెండు తెగలూ ఏకమై నన్ను తిట్టాయి. తర్వాత బృందాన్ని నడిపే బాధ్యత నాకే అప్పగించారు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నా మాట వినేవాళ్ళు రోజురోజుకీ పెరిగారు. నా సలహాతో పడవలు కొనుక్కుని నీళ్ళ మీదికి వెళ్ళిపోయినవాళ్ళు ఎందరో. వాళ్ళు పట్టిన చేపల ఫొటోలు పంపిస్తే, వెనకాల కనిపించే దిమ్మె ఎత్తు గురించి నా అభిప్రాయం చెప్పేవాణ్ణి. ఒకరోజు ఎవరో కుర్రసభ్యుడు "అన్నా, ఇంతకీ మీ పడవ ఏది?" అని అడిగాడు. వ్యక్తిగత ప్రశ్నలు బృంద నియమాలకు విరుద్ధం కాబట్టి అతన్ని తొలగించాను. (ఆ నియమం ఆ రోజే పెట్టాం.)

ఇక జలవిహార శాఖ. అక్కడ 'ఏకాంత అనుమతుల ఉప పర్యవేక్షకుడు' అనే అధికారి గదిలో ఇంకో ఏడుగురితో కలిసి కూర్చుంటాడు. ఒంటరిగా నీళ్ళ మీదికి వెళ్ళేవాడికి ఒడ్డున ఒక బాధ్యుడుండాలని ఆయన చెప్పాడు. అతని హోదా 'ఒడ్డు మనిషి'. వెళ్ళినవాడు చెప్పిన వేళకి రాకపోతే, ఈ మనిషి శాఖకి ఫోన్ చెయ్యాలి. అవసరమైతే తనే వెళ్ళి తీసుకురావాలి. అందుకని పడవ నడపడం, ఆగిన ఇంజను మళ్ళీ అందుకునేలా చెయ్యడం, తాడు ముడెయ్యడం, ఈత, అన్నీ నేర్చుకోవాలి.

"మరి వెళ్ళేవాడికి శిక్షణ వద్దాండీ?" అన్నాను.

"మీకూ ఉంటుంది సార్. మీరు పడవ ఎంచుకున్నాక. ఏ పడవో తెలీకుండా మీకు ఏం నేర్పమంటారు?"

"మరి ఒడ్డు మనిషికి ఎలా నేర్పుతారు?"

"వాళ్ళకి శాఖ పడవ మీద నేర్పుతాం. ఒడ్డు మనిషికి ఏ పడవైతే ఏముందండీ!"

ఈ తర్కంలో నాకు మా ఆఫీసు వాసన తగిలి, ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ పేరు ఇచ్చేశాను.

మా ఆవిడ ఒక ఆసుపత్రిలో రిసెప్షన్ దగ్గర కూర్చుంటుంది. డాక్టరుగారెప్పుడొస్తారు, స్కానింగ్ ఎటువైపు, మా టోకెన్ ఎప్పుడొస్తుంది అని పొద్దస్తమానం ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఈ ఒడ్డు మనిషి కబురు చెప్పగానే ఇంతెత్తున లేచింది.

"నాకు నీళ్ళంటే భయమని తెలుసు కదండీ! మీ సరదాకి నన్నెందుకు ముంచుతారు?"

"నువ్వు నీళ్ళలోకి దిగేదేముంది? పేరులోనే ఉంది కదా, ఒడ్డు మనిషివి."

సణుక్కుంటూనే మొదటి ఆదివారం వెళ్ళింది. రెండో ఆదివారం సణుగుడు లేదు. మూడో ఆదివారం నేను లేచేసరికే వెళ్ళిపోయింది. ఇంట్లో కర్టెన్లకీ బట్టలారేసే తీగకీ కొత్తరకం ముడులు కనపడసాగాయి. అవి నాకు విప్పడం రాక రెండు చొక్కాలు తీగ మీదే ఉండిపోయాయి. భోజనాల దగ్గర ఏదో చెబుతూ ఉండేది. నేను పట్టికలో ఉండేవాణ్ణి.

"ఏమండీ, ఇవాళ ఒక్కదాన్నే అవతలి గట్టుదాకా వెళ్ళొచ్చాను."

"ఊఁ."

"ఇంజను ఆపేస్తే ఎంత నిశ్శబ్దమో తెలుసా! ఎవరూ ఏమీ అడగరు. నాకైతే ఏడుపొచ్చినంత పనైంది."

"ఊఁ, ఊఁ. గాలాలు నిలబెట్టే గొట్టాలు నాలుగుండాలంటావా, ఆరా?"

ఇంకోసారి తను ఒక పడవ చూశానంది, చూడగానే నచ్చిందంది. పట్టికలో ఉందా అని అడిగాను. లేదనుకుంటా అంది. పట్టికలో లేనివాటి మీద ఈ దశలో చర్చ వద్దని, మా ఆఫీసులో చెప్పినంత మర్యాదగానే చెప్పాను. సరేనని ప్లేట్లు తీసేసింది.

ఆ తర్వాత ఒకనాడు మా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, అక్క పడవ అదిరింది!"

"ఏ పడవరా?"

"అదేంటి బావా, తను దాచుకున్న డబ్బులతో కొనుక్కుంది కదా! నీకు చెప్పానంది, నువ్వు ఊఁ అన్నావంది. మరి నీదెప్పుడు? ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, ఎప్పుడూ గాలాల గురించే చెబుతావు!"

మా ఆవిడని అడిగాను. చెప్పానంది. చెప్పే ఉంటుంది, ఆ విషయంలో నాకు సందేహం లేదు. నాకు కోపం రావాల్సిందే. కానీ ముందు వచ్చింది అసూయ, దాని వెనకే సిగ్గు. కోపం వచ్చేసరికి ఆవిడ నిద్రపోయింది.

ఉప పర్యవేక్షకుడి దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఎంతో సంతోషించాడు. మేడమ్‌గారికి శిక్షణ అయింది, పడవ ఉంది, కాబట్టి ఏకాంత అనుమతి ఆవిడకి మంజూరైంది. ఇక ఆవిడకి ఒడ్డు మనిషి కావాలి. ఫైల్లో ఎలాగూ ఇద్దరి పేర్లే ఉన్నాయి కనుక, శాఖ తనంతట తానే పేర్లు తారుమారు చేసి పుణ్యం కట్టుకుంది.

"మరి నాకు శిక్షణ?" అన్నాను.

"మీకెందుకండీ? మిత్రమండలి నడిపేది మీరే కదా. మా ఆఫీసర్లంతా మీ వ్యాసాలు చదివే పడవలు కొన్నారు. మీకు పూర్తి మినహాయింపు."

ఒక నారింజరంగు కోటు, ఒక ఈల ఇచ్చారు. కోటు నాకు కాస్త బిగుతు.

మొదటి ఆదివారం సరస్సు రేవు దగ్గర నిలబడ్డాను. మా ఆవిడ మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానంది. ఆవిడ బయల్దేరే సమయానికి నేను మిత్రమండలిలో ఎవరికో ఇంజను సందేహం తీరుస్తున్నాను. తలెత్తేసరికి పడవ చుక్కంత అయిపోయింది. చెయ్యి ఊపాను. అది ఆవిడకి కనపడి ఉండదు.

మధ్యాహ్నమైంది, దాటింది కూడా. గాలి మొదలైంది. పొద్దున అద్దంలా ఉన్న నీళ్ళు నల్లబడి, అలలు రేవు మెట్ల మీదికి ఎగిరిపడుతున్నాయి. మిగతా పడవలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఫోన్ చేస్తే ఆవిడ ఫోన్ పలకలేదు. ఈల ఊదాను. పక్కన కాగితాలు ఏరుకునే మనిషి "నన్నా సార్?" అన్నాడు. నాకు భయం వేసింది. ఈ మాటలో వ్యంగ్యం లేదు. నీళ్ళంటే భయపడే మనిషిని నేనే బలవంతాన ఇందులోకి తోశాను. ఆవిడకేమైనా అయితే నేనేం కావాలి?

శాఖ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. గుంపుగా వెళ్ళినవారి కోసం ఒకటి, ఒంటరిగా వెళ్ళినవారి కోసం రెండు నొక్కమంది. రెండు నొక్కాను. ఒకమ్మాయి పలికింది.

"చెప్పండి సార్. మీరు వెళ్ళినవాళ్ళకి ఏమవుతారు?"

"ఒడ్డు మనిషిని. మొగుణ్ణి కూడా."

"కంగారు పడకండి సార్, గస్తీ పడవని పంపిస్తాం. వాళ్ళు గుర్తుపట్టడానికి వివరాలు చెప్పండి. పడవ పొడవెంత?"

నా పట్టికలో ఉన్న ఏ పడవ పొడవైనా నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇది పట్టికలో లేదు.

"మరీ పెద్దది కాదండీ. అలాగని చిన్నదీ కాదు."

"అడుగు కోసుగా ఉంటుందా, చదునుగా ఉంటుందా?"

"చూడలేదమ్మా. నీళ్ళలో ఉంది కదా."

"ఇంజను ఏది సార్?"

"వెనకాల ఉంటుంది."

"పోనీ, రంగు?"

"తెలుపు. పక్కన నీలం గీత ఉంటుంది. గీత లేదేమో."

"సార్, ఏమీ అనుకోకండి. మీ పక్కన పడవల గురించి కాస్త తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

తలెత్తి చూశాను. దూరంగా అలల మీద ఎగిరెగిరి పడుతూ ఒక పడవ వస్తోంది. మధ్యలో దిమ్మె దగ్గర నిలబడి, తడిసి ముద్దయి, నాకు చెయ్యి ఊపుతూ మా ఆవిడ. రేవు దగ్గరికి రాగానే ఇంజను ఆపి, తాడు విసిరి, ఒక్క విసురుకే గుంజకి తగిలించింది. పడవ ఎర్రగా ఉంది.

"ఉన్నారమ్మా, ఇప్పుడే ఒడ్డుకి వచ్చారు" అని, ఫోన్ ఆవిడకి ఇచ్చాను.