సెంటీమీటరు వంపు

స్కేలు గారి అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన నగర రవాణా కార్యాలయంలో నక్షాలు గీస్తున్నారు. ఆయన గీతలో వంకర చూసిన మనిషి లేడు కాబట్టి స్కేలు అన్న పేరు స్థిరపడిపోయింది. పాపం, తర్వాత జరిగిందంతా ఆ మంచిపేరు వల్లే జరిగింది.

ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. కొత్త ట్రామ్ మార్గం మూడో భాగాన్ని మార్కెట్ నుంచి పెద్దాసుపత్రి దాకా, పెద్ద రోడ్డు వెంబడి తిన్నగా గీసి, మధ్యాహ్నానికల్లా ఇంజనీరు బల్ల మీద పెట్టాలి. చొక్కా బొత్తాలు పెట్టుకుంటుండగా అక్క ఫోన్ చేసింది.

"ఏం లేదురా, నిన్న బస్టాపుకి నడుస్తూ దారిలో కూలబడ్డాను. ఎవరో పుణ్యాత్ములు లేపి ఇంట్లో దింపారు. ఆసుపత్రికి మాత్రం వెళ్ళలేకపోయాను."

అక్కకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రికి వెళ్ళి కాళ్ళకి వ్యాయామం చేయించుకోవాలి. ఇంటి నుంచి బస్టాపు అర కిలోమీటరు దూరం. బావగారు పోయినప్పటి నుంచి ఆ రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటోంది. మా ఇంటికి వచ్చేయమని స్కేలు గారు అనబోయారు గానీ, వెనక భార్య గిన్నె కాస్త గట్టిగా కింద పెట్టిన చప్పుడు విని ఆగారు. నిరుడు అక్క వచ్చి ఎనిమిది రోజులుంది. ఆ ఎనిమిది రోజులూ ఒకరు ఉప్పు వేసిన కూరలో మరొకరు మళ్ళీ వేశారు.

"నన్ను మీ ఇంటికి మాత్రం రమ్మనకు," అంది అక్క, ఆయన మనసులో మాట విన్నట్టే. "మూడో అంతస్తు. ఆ మెట్లెక్కానంటే మళ్ళీ దిగేది నలుగురి భుజాల మీదే. ఉన్నన్నాళ్ళు నా గుమ్మంలో నన్ను కూర్చోనీ."

ఫోన్ పెట్టేశాక భార్య వచ్చి నిలబడింది.

"ఏమండీ, ఆ ట్రామ్ దారి గీసేది మీరే కదా. వదిన వీధి మీదుగా గీస్తే ఎవరి కొంప మునిగింది?"

"అలా మనకి తోచినట్టు గీయకూడదే."

"అయితే వదినని తీసుకొచ్చేయండి. నేనేమన్నా కాదన్నానా?" అంటూ ఆవిడ వంటగదిలోకి వెళ్ళి మరో గిన్నె చప్పుడయ్యేలా పెట్టింది.

ఆ రోజు స్కేలు గారు జీవితంలో మొదటిసారి స్కేలు పక్కన పెట్టి గీత గీశారు. కాగితం మీద అది ఒక్క సెంటీమీటరు వంపు. నేల మీద అర కిలోమీటరు పక్కకి పోయి, అక్క వీధిని తాకి, తిరిగి పెద్ద రోడ్డు మీదకి వస్తుంది. గీయడం పూర్తయ్యేలోపు ఆయన మూడుసార్లు రబ్బరుతో చెరిపారు.

ఇంజనీరు నక్షా చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఈ వంపు ఎవరు పెట్టమన్నారండీ?"

స్కేలు గారు సిగ్గుతో తల దించుకున్నారు. అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెప్పడానికి నోరు రాదు. ఇంజనీరుకి ఆ మౌనంలో అంతా అర్థమైపోయింది. స్కేలు గారంతటి మనిషి వంకరగా గీశారంటే, గీయించినవాడు ఎంతటివాడై ఉండాలి? ఆ వీధిలో ఎవరో మహా పెద్దమనిషి ఉన్నాడు. అంత పెద్దమనిషి ఎండలో నిలబడతాడా అనుకుని ఇంజనీరు అక్కడ కప్పున్న స్టేషను ఒకటి చేర్చి, సంతకం పెట్టి పైకి పంపాడు.

చీఫ్ ఇంజనీరు వంపునూ స్టేషనునూ చూసి, "ఎవరయ్యా?" అని అడిగాడు. ఇంజనీరు మాట్లాడకుండా పైకప్పు వైపు చూశాడు. పై అంతస్తులో డైరెక్టరు ఉంటారు. చీఫ్ ఇంజనీరు వెంటనే రెండో పట్టాల వరస చేర్చాడు. ఫైలు డైరెక్టరు దగ్గరికి చేరింది. ఇన్ని సంతకాలున్న వంపు గురించి తనకి ముందే ఎవరూ చెప్పలేదని ఆయన మనసు నొచ్చుకుంది. అడిగితే తనకి తెలియదని నలుగురికీ తెలిసిపోతుంది. ఇది మంత్రిగారి పనే అయ్యుంటుందని తేల్చుకుని, ట్రాములన్నీ నిలిపే పెద్ద షెడ్డు కూడా అక్కడే కట్టాలని రాశారు. షెడ్డుకి స్థలం కావాలి. ఆ వీధిలో ఇరవై రెండు ఇళ్ళకి నోటీసులు వెళ్ళాయి. అందులో ఐదోది అక్కది.

"ఒరే తమ్ముడూ," అంది అక్క ఫోనులో, "ట్రామ్ మా ఇంటి దాకా వస్తుందన్నావు. ఇంట్లోకే వస్తుందని చెప్పలేదేంరా?"

స్కేలు గారు ఫోన్ పెట్టేశారు. పరుగున ఇంజనీరు గదిలోకి వెళ్ళారు.

"ఆ వంపు నాదేనండీ. మా అక్క కోసం పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా సరే, ఆ ఇల్లు మాత్రం వదిలేయండి."

ఇంజనీరు లేచి తలుపు వేసి వచ్చాడు. "చూడండి, మీ గుండె ధైర్యానికి దండం పెట్టాలి. కానీ నేరం మొత్తం మీ నెత్తిన వేసుకోనక్కర్లేదు. ఆయనెవరో మేం అడగం."

"ఆయన కాదండీ, మా అక్క."

"అలాగే అనుకుందాం," అన్నాడు ఇంజనీరు.

చీఫ్ ఇంజనీరు కూడా ఇంతే విని, ఇంతకన్నా ఎక్కువ మెచ్చుకున్నాడు. డైరెక్టరు ఆ వారమే స్కేలు గారిని హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ చేశారు. రహస్యం ఇంతలా దాచే మనిషిని ఆయన తన సర్వీసులో చూడలేదట.

ఇల్లు కూలగొట్టిన రోజు అక్క అక్కడ లేదు. అంతకు ముందు రోజే ఇద్దరు కూలీలు ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి మూడో అంతస్తుకి మోశారు. వెనకే స్కేలు గారు ఆవిడ గుమ్మం ముందు ఉండే పీట పట్టుకుని ఎక్కారు. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఆయనకి ఏడుపు ఆగలేదు.

ఏడు నెలల తర్వాత మంత్రిగారు శంకుస్థాపనకి వచ్చి నక్షా ముందు నిలబడ్డారు.

"ఈ వంపు ఎందుకు పెట్టారు?"

డైరెక్టరు చీఫ్ ఇంజనీరుని చూశారు. చీఫ్ ఇంజనీరు ఇంజనీరుని చూశాడు. ఇంజనీరు అలవాటుగా పైకప్పు చూశాడు.

"అక్కడెవరో మావాళ్ళున్నారని రేపు పేపర్లవాళ్ళు నా మీద రాస్తారు. తీసేయండి. రోడ్డు వెంబడి తిన్నగా వేయండి."

స్కేలు గారిని పిలిపించారు. ఆయన స్కేలు పెట్టి అర నిమిషంలో తిన్నగా గీసేశారు. రబ్బరు అవసరం రాలేదు. గీత చాలా బాగా వచ్చిందని మంత్రిగారు అన్నారు.

ఇప్పుడు మూడో అంతస్తులో అక్కకి ఇంటికే ఒకమ్మాయి వచ్చి వ్యాయామం చేయిస్తోంది, కుదిరినప్పుడు. మిగతా పొద్దంతా ఆవిడ ఆ పీట మీద, కిటికీ దగ్గర కూర్చుంటుంది. కూరలో ఉప్పు గురించి ఎవరూ గొడవపడటం లేదు. అక్క వంటగదిలోకి రావడమే మానేసింది. అది చూస్తే భార్యకి కూడా బాధగానే ఉంది. ఒకరోజు తనే కూర గిన్నె తీసుకెళ్ళి, "వదినా, కాస్త ఉప్పు చూడండి," అంది. అక్క చూడకుండానే సరిపోయిందంది.

కూల్చిన ఇరవై రెండు ఇళ్ళ స్థలాన్ని ఏం చేయాలో తోచక దాన్ని బస్సుల వాళ్ళకి ఇచ్చేశారు. సరిగ్గా అక్క గుమ్మం ఉన్నచోట నుంచి ప్రతి పది నిమిషాలకి పెద్దాసుపత్రికి ఒక బస్సు బయలుదేరుతోంది.

ఆ వీధిలో ఇళ్ళు లేవు కాబట్టి బస్సులో కూర్చోవడానికి చోటు బాగా దొరుకుతుందట.