నిలబడినవి, పడుకున్నవి

విశ్రాంత అశ్వ సంరక్షణ కేంద్రంలోని గుర్రాలన్నీ మధ్యాహ్నం రెండు నుంచి మూడు గంటల వరకు విధిగా విశ్రాంతి తీసుకోవలెననియు, తీసుకోని గుర్రాలపై నిబంధనల ప్రకారం చర్య తీసుకోబడుననియు ఇందుమూలంగా తెలియజేయడమైనది.

ఈ ప్రకటన రాసింది నేనే. గుర్రపుశాల గోడ మీద, గుర్రాలు తల ఎత్తకుండా చదువుకోగలిగిన ఎత్తులో అంటించిందీ నేనే. కేంద్రంలో గుమాస్తాని. పదకొండేళ్ళ సర్వీసులో నా రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత కూడా లేదు. కావాలంటే వచ్చి చూసుకోండి.

జీవితమంతా పరిగెత్తి, లాగి, మోసి అలిసిపోయిన మూగజీవాలకు చివరి రోజుల్లో సుఖం కల్పించడం మా ఆశయం. ఈ మాటే ప్రహరీ మీద నిలువెత్తు అక్షరాలతో రాయించాం. లోపల ముందుగా అధ్యక్షులవారి గది కట్టారు. తర్వాత సమావేశ మందిరం, అతిథులు వేచి ఉండే గది, ఆ గదిలోకి వెళ్ళేముందు వేచి ఉండటానికి ఒక వరండా కట్టారు. మిగిలిన స్థలంలో గుర్రపుశాల కట్టారు. వానొస్తే కారుతుంది గానీ, గుర్రాలు ఎండావానలకు అలవాటుపడ్డవే కాబట్టి ఇంటి వాతావరణం దొరికినట్టుంటుందని అధ్యక్షులవారు సెలవిచ్చారు. అధ్యక్షులవారు చిన్నప్పుడు ఒకసారి గుర్రం మీద నుంచి పడ్డారు. గుర్రాలతో అంతటి దగ్గర సంబంధం మా కార్యవర్గంలో ఇంకెవరికీ లేకపోవడంతో ఆయన ఎన్నిక ఏకగ్రీవమైంది.

గుర్రాలు ఇరవై మూడు. పందేల్లో పరిగెత్తినవి కొన్ని, బండ్లు లాగినవి కొన్ని, సర్కస్‌లో రెండు కాళ్ళ మీద నిలబడి జనాన్ని నవ్వించింది ఒకటి. అన్నిటిలోకీ వయసులో పెద్దది ఒక తెల్ల ఆడగుర్రం. పద్దెనిమిదేళ్ళు పోలీసు దళంలో ఊరేగింపుల ముందు నడిచింది. అందరూ దాన్ని పెద్దావిడ అంటారు. దానితోపాటు వచ్చిన కాపరిని తాత అంటారు. దళం వాళ్ళు పంపిన కాగితంలో 'గుర్రము ఒకటి, జీను ఒకటి, మనిషి ఒకడు' అని ఉంది. మూడూ సరిగా అందినట్టు నేనే సంతకం పెట్టి తీసుకున్నాను.

పెద్దావిడకి వెనక కాలి కీలు అరిగిపోయింది. పడుకుంటే మళ్ళీ లేవలేదని, లేవలేని గుర్రం ఎక్కువసేపు బతకదని పశువుల డాక్టరు మొదటి రోజే చెప్పి వెళ్ళాడు. అందుకని తాత గోడ పక్కన నడుము ఎత్తున ఒక దుంగ బిగించి, దానికి గోనెసంచులు చుట్టాడు. పెద్దావిడ దానికి ఆనుకుని కునుకు తీసేది. అది కునికినంతసేపూ తాత పక్కనే నిలబడేవాడు. ఎప్పుడైనా కూర్చోగా చూశానా అంటే గుర్తులేదు. అనుమతి లేని దుంగ కాబట్టి దాన్ని నేను ఏ రిజిస్టరులోనూ ఎక్కించలేదు.

ఇలా ఉండగా కొత్త తనిఖీ అధికారి వచ్చారు. అంతకుముందు శీతల గిడ్డంగులు తనిఖీ చేసేవారట. మిట్టమధ్యాహ్నం గుర్రపుశాలలోకి అడుగుపెట్టి, ఇరవై మూడు గుర్రాలూ నిలబడి ఉండటం చూసి నివ్వెరపోయారు.

"రిటైరైన గుర్రాలని చెప్పారు. ఇవేంటి, డ్యూటీలో ఉన్నట్టు నిలబడ్డాయి?" అన్నారు.

గుర్రాలు నిలబడే నిద్రపోతాయని, రాత్రి ఎప్పుడో ఓ అరగంట నడుము వాలుస్తాయని తాత చెప్పబోయాడు. గుర్రాల గురించి కాపరి మాట సాక్ష్యంగా తీసుకునే సంప్రదాయం మా దగ్గర లేదు. అధికారి నా వైపు చూశారు. నేను అధ్యక్షులవారి వైపు చూశాను. ఆయన, ఇవి మిమ్మల్ని చూసి గౌరవంగా లేచి నిలబడ్డాయండీ అని సర్దిచెప్పారు. అధికారి మెత్తబడ్డారు కానీ ఉత్తర్వు ఆగలేదు.

ఉత్తర్వు బంగారం లాంటిది. నిలబడిన గుర్రం నిలబడగల గుర్రమని, నిలబడగల గుర్రం పని చేయగల గుర్రమని, పని చేయగల గుర్రాన్ని ఊరికే మేపడం నేరమని మూడు వాక్యాల్లో తేల్చేశారు. విశ్రాంతి వేళలో నిలబడి కనిపించిన ప్రతి గుర్రాన్నీ సరకు బండ్ల కాంట్రాక్టరుకి అప్పగించాలి. ఇందుకోసం రెండు గడుల రిజిస్టరు పంపించారు. ఒక గడి మీద 'పడుకున్నవి', రెండో గడి మీద 'నిలబడినవి' అని ఉంది. అట్ట ఎంత అందంగా ఉందంటే, దాన్ని చూసిన పూట నాకు అన్నం సహించలేదు.

కార్యవర్గం ఆగమేఘాల మీద సమావేశమైంది. గుర్రాలకు విశ్రాంతి తీసుకోవడం రావడం లేదని, ఇది అలవాటు లోపమే తప్ప గుర్రాల తప్పు కాదని పెద్దమనసుతో తీర్మానించి, విశ్రాంతి శిక్షకుణ్ణి నియమించారు. ఆయన సర్కస్‌లో పాతికేళ్ళు పనిచేసిన మనిషి. ఈల ఊదితే గుర్రాలు పడుకోవాలి, రెండోసారి ఊదితే లేవాలి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు సాధన. విశ్రాంతి తీసుకోవడానికి మా గుర్రాలు పడ్డ శ్రమ వాటి సర్వీసులో ఎన్నడూ పడి ఉండవు. పందెపు గుర్రం ఒకటి చిక్కి సగమైంది. నెల తిరిగేసరికి ఈల వినబడగానే ఇరవై రెండు గుర్రాలు గోడ కూలినట్టు పడిపోవడం నేర్చుకున్నాయి. శిక్షకుడికి శాలువా కప్పారు.

మిగిలింది పెద్దావిడ. నేర్చుకోలేక కాదు. పద్దెనిమిదేళ్ళు ఆజ్ఞల మీద బతికిన ప్రాణి. మొదటి రోజు మొదటి ఈలకే, ఎప్పుడో నేర్చుకున్నదానిలా, ముందు మోకాళ్ళు వంచింది. తాత పరిగెత్తుకొచ్చి రెండు చేతులతో మెడ వాటేసుకుని, "వద్దు తల్లీ, వద్దమ్మా" అంటూ ఆపాడు. ఆ మర్నాటి నుంచి దాని చెవుల్లో దూది కుక్కాడు. ఈల దానికి వినబడదు. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, ఎందుకంటే దూది గురించి నన్నెవరూ రాతపూర్వకంగా అడగలేదు.

ఇంతలో ముఖ్య అతిథి వస్తున్నారని కబురు వచ్చింది. ఆయన సమక్షంలోనే రిజిస్టరు నింపాలి. ముందు రోజు సాయంత్రం తాత నా బల్ల దగ్గరికి వచ్చాడు. కుర్చీ చూపించాను గానీ కూర్చోలేదు.

"గుమాస్తాగారూ, రేపు పెద్దావిడ పేరు పడుకున్నవాటిలో రాసెయ్యండి. ఇరవై రెండు పడుకుని ఉంటే, మూలనున్న ఒక్కదాన్ని ఎవరు చూస్తారు?"

నా ఒళ్ళు మండిపోయింది. నన్ను, ఒక్క కొట్టివేత లేని నన్ను, అబద్ధం రాయమంటాడా? చూసింది రాయడమే గానీ, చూడనిది రాయడం నా రక్తంలో లేదని ముక్కుసూటిగా చెప్పాను. కిందటి ఏడాది కారుతున్న కప్పుని 'సహజ గాలి, తేమ గల వసతి' అని రాసింది నేనే. అది అధ్యక్షులవారు చెప్పి రాయించింది కాబట్టి అబద్ధం కిందికి రాదు.

"సరేనండి," అన్నాడు తాత. "దూది తియ్యను. నిలబడే ఉంటుంది. బండికి పంపిస్తే నేనూ వెంట పోతాను. బరువు నేను తోస్తాను. అది బతికుంటే చాలు."

ఇంటికెళ్ళి ఈ సంగతి మా ఆవిడతో గొప్పగా చెప్పాను. ఆవిడ గిన్నెలు తోముతూ, తల తిప్పకుండానే, "ఆ ఒక్క గడి నింపితే మీ చెయ్యేమైనా విరిగిపోతుందా?" అంది. చదువుకోని మనిషి కాబట్టి పట్టించుకోలేదు.

మర్నాడు కేంద్రం కళకళలాడింది. ఊళ్ళోని పెద్దలంతా వచ్చారు. ఎండ చురుక్కుమంటోందని ముఖ్య అతిథికి గొడుగు పట్టమన్నారు. పొడుగ్గా ఉన్నవాడు తాతే కాబట్టి, వేదిక మీద ఆయన వెనక గొడుగు పట్టుకుని నిలబెట్టారు. తాత మాటిమాటికీ గుర్రపుశాల వైపు చూస్తున్నాడు. గొడుగు వంకర పోతోందని అధ్యక్షులవారు రెండుసార్లు కళ్ళురిమారు.

నేను చివరిసారిగా గుర్రాల శుభ్రత సరిచూశాను. ఇరవై రెండూ అద్దంలా ఉన్నాయి. పెద్దావిడ దగ్గరికి వచ్చేసరికి, రెండు చెవుల్లోంచీ మాసిన దూది బయటికి వేలాడుతోంది. ఫొటోగ్రాఫరు అప్పటికే అటు తిరుగుతున్నాడు. గుర్రపు అలంకరణ నిబంధనల్లో దూది లేదు. తీసేశాను. ఎందుకు తీశావని నన్ను అడిగినవారు ఇంతవరకూ ఎవరూ లేరు. దూది తీయగానే పెద్దావిడ చెవులు రెండూ నిక్కించి, ఎంతో మర్యాదగా నా చెయ్యి వాసన చూసింది.

ముఖ్య అతిథి ప్రసంగం ముప్పావు గంట సాగింది.

"విశ్రాంతి అంటే ఏమిటి?" అని ప్రశ్నించి, జవాబు కోసం సభంతా కలియజూశారు. "పనిచేసినవాడికి సమాజం చెల్లించే కృతజ్ఞతే విశ్రాంతి. ఈ మూగజీవాలు హాయిగా పడుకోవడం కళ్ళారా చూడాలని ఎంతో దూరం నుంచి వచ్చాను. పడుకోబెట్టండి."

శిక్షకుడు ఈల ఊదాడు. ఇరవై రెండు గుర్రాలు దబ్బున పడ్డాయి. పెద్దావిడ ఒక్కక్షణం ఆగింది. మెడ వాటేసుకునే చేతుల కోసం చూసిందో ఏమో నాకు తెలియదు. చేతులు వేదిక మీద గొడుగు పట్టుకుని ఉన్నాయి. ముందు మోకాళ్ళు వంచింది. తర్వాత వెనక కాళ్ళు ముడిచి, ఆజ్ఞ పాలించడంలో పద్దెనిమిదేళ్ళ అనుభవం ఎలా ఉంటుందో అలా, అన్నిటికంటే పద్ధతిగా పడుకుంది.

"అదిగో!" అన్నారు ముఖ్య అతిథి. "ఆ తెల్ల గుర్రాన్ని చూడండి. విశ్రాంతి అంటే అదీ!"

సభ యావత్తూ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చప్పట్ల మధ్యలో గొడుగు ముఖ్య అతిథి భుజం మీద పడింది. తాత వేదిక దిగి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, పెద్దావిడ తల పక్కన నేల మీద కూర్చున్నాడు. రెండో ఈల వినబడింది. ఇరవై రెండు లేచాయి. పెద్దావిడ మెడ ఎత్తింది, ముందు కాళ్ళు నేలకి తన్నిపట్టింది, మెడ దించేసింది. మళ్ళీ ఎత్తింది. అప్పటికి అతిథులందరినీ ఫలహారాలకు పిలిచారు.

నేను రిజిస్టరు తెరిచి 'పడుకున్నవి' గడిలో ఇరవై మూడు అని రాశాను. చూసిందే రాశాను. అంకె కాస్త అలుక్కుపోయింది. సాయంత్రం డాక్టరు వచ్చి వెళ్ళాడు. నిలబడినవాటికీ పడుకున్నవాటికీ గడులున్నాయి కానీ లేవనివాటికి గడి లేదు, కాబట్టి ఆ తర్వాతి వివరాలు నమోదు కాలేదు.

ఉత్తమ విశ్రాంత అశ్వం బహుమతి పెద్దావిడకే వచ్చింది. స్మారకంగా విగ్రహం పెట్టాలని తీర్మానించారు. శిల్పి దగ్గర తయారుగా ఉన్న సిమెంటు గుర్రం నిలబడి ఉండటంతో నిబంధనలు అడ్డొచ్చాయి. దాన్నే పక్కకి తిప్పి దిమ్మె మీద పడుకోబెట్టి బిగించారు. నాలుగు కాళ్ళూ గేటు వైపు చాచి ఉంటాయి. వచ్చేవాళ్ళు కాస్త చూసుకుని రావాలి.

తాతకి మెమో ఇచ్చాం. టైపు చేసింది నేనే. ఒకటి, గొడుగు జారవిడవడం. రెండు, ముఖ్య అతిథి నిలబడి ఉండగా తాను కూర్చోవడం. సంజాయిషీ ఒక్క వాక్యంలో ఇచ్చాడు: 'కూర్చోలేదండి, లేస్తుందేమో అని చూస్తున్నాను.' సంజాయిషీ సంతృప్తికరంగా లేదని ఫైలు మూసేశాం. ఆ మర్నాడు అతను పనిలోకి రాలేదు. దుంగకి చుట్టిన గోనెసంచులు విప్పి తీసుకెళ్ళాడు, దుంగ వదిలేశాడు. హాజరు పట్టీలో అతని పేరుకెదురుగా ఏం రాయాలో అడుగుతూ పైకి ఉత్తరం పంపాను. జవాబు రావాలి.

సభ రోజు తీసిన ఫొటో పెద్దది చేయించి సమావేశ మందిరంలో తగిలించాం. అందరూ నిలబడి చప్పట్లు కొడుతున్న ఫొటో. కింద కూర్చున్న మనిషీ, అతని ఒళ్ళో ఉన్న తెల్లటి తలా చట్రంలో పట్టక కత్తిరించాల్సి వచ్చింది. మిగతా అందరి ముఖాలూ స్పష్టంగా వచ్చాయి. రెండో వరుసలో, ఎడమ నుంచి నాలుగో చోట మీరున్నారు. చేతులు అందరికంటే పైకెత్తి కొడుతున్నారు. తీరిక చేసుకుని వచ్చి చూసుకోండి. ప్రవేశం ఉచితం. మీరు ఏ వేళకొచ్చినా సరే, ముందుగా ఒక మాట చెబితే గుర్రాలన్నిటినీ పడుకోబెట్టి ఉంచుతాం.