సూర్యం చెమట పరీక్ష

మనిషికి శరీరం ఒక్కటే అన్నది పాతకాలపు మూఢనమ్మకం. బిలాస్‌పూర్‌లో మేము రైల్వే ఆసుపత్రిలో దాన్ని ఎప్పుడో శాఖలవారీగా పంచేశాం. చర్మం ఒకటో నంబరు గదికి, పళ్లు తొమ్మిదో నంబరు గదికి వెళ్లాయి. (మధ్య గదుల ముందు మిగతా అవయవాలు బెంచీల మీద కూర్చుని ఉంటాయి.)

ఈ సుపరిపాలనకు భంగం కలిగించినవాడు మా పక్క క్వార్టరు సూర్యం. చర్మానికీ పళ్లకీ కలిపి ఒకే జబ్బుతో పుట్టాడు, ఎవరి అనుమతీ లేకుండా. ఒంటికి చెమట పట్టదు. నోట్లో ఉన్నవి నాలుగే పళ్లు, అవీ మొనదేలినవి. మేనమామకూ ఇంతేనట. కొన్ని కుటుంబాల్లో మాత్రమే దిగివచ్చే ఆ అరుదైన జబ్బుకు పెద్ద పేరే ఉంది గాని, అది పట్టేంత గడి మా ఫారంలో లేదు.

తండ్రి పోలయ్య డ్యూటీలో పోయాక సూర్యానికి పట్టాల మీద గ్యాంగు పని ఇచ్చారు. వైద్య పరీక్ష జనవరిలో జరిగింది. జనవరిలో ఎవరికీ చెమట పట్టదు కనుక పాసయ్యాడు.

చెమట లేనివాడికి ఒంట్లో వేడి బయటికి పోయే దారి ఉండదు. గంటకోసారి చొక్కా నీళ్లలో ముంచి తొడుక్కుంటూ 1988 ఏప్రిల్‌ని ఎలాగో నెట్టుకొచ్చాడు. మే నెల గడవదని వాళ్లమ్మ లక్ష్మీనరసమ్మకు తెలుసు. స్టోరు గదిలో ఫ్యాను కింద ఒక్క సీటు ఖాళీ అయిందని విని, నాచేత అర్జీ రాయించింది.

ఒకటో గదివారు, పళ్ల సంగతి తేలకుండా చర్మం మీద సంతకం పెట్టలేమన్నారు. తొమ్మిదో గదివారు నోరు తెరిపించి చూసి, "ఊడిన పళ్లకైతే కాగితం ఇస్తాం. ఇవి అసలు రానే లేదు. రానిదాన్ని పోయినట్టు ఎలా రాస్తాం?" అన్నారు. ఈలోగా పెదవి చర్మం కిందికి వస్తుందా, నోటి కిందికి వస్తుందా అన్న ప్రశ్న లేచి, పెదవుల సరిహద్దు సంఘం ఏర్పడింది. (సంఘం కూర్చున్నప్పుడల్లా టీ తాగింది. టీ మాత్రం పెదవులతోనే తాగారు.)

లక్ష్మీనరసమ్మ కౌంటరు దగ్గర గుమాస్తా జగన్నాథం గారిని పట్టుకుంది.

"బాబూ, రెండు రోగాలు కావు, ఒకటే. మా తమ్ముడు ఎండలోనే పడిపోయి పోనాడు. నా కొడుకుని నీడన కూకోబెట్టండి, సాలు."

"అచ్ఛా, రోగం ఒకటే అయితే ఒకే గదికి వెళ్లమ్మా."

"ఏ గదికి ఎల్లాలి బాబూ?"

"అదే కదా తేలాలి."

చివరకు ప్రత్యక్ష పరీక్ష పెట్టారు. మే నెల మిట్టమధ్యాహ్నం, యార్డులో పట్టాల పక్కన, పొడి చొక్కాతో అరగంట నిలబడాలి. ఆఖర్న చొక్కా పొడిగా ఉంటే జబ్బు నిజమని లెక్క. నిబంధన ప్రకారం జగన్నాథం గారూ సాక్షిగా గొడుగు లేకుండా నిలబడ్డారు. ఆయన మెడ మీంచి చెమట ధారలు కట్టింది.

"ఏటయ్యా, నీకింకా పట్టలేదా?"

"పుట్టాక ఎప్పుడూ పట్టలేదు సార్. తల తిరిగిపోతంది."

"ఆగు. ఫారంలో అరగంట అని ఉంది."

అరగంట నిండకముందే సూర్యం కంకర మీద కూలిపోయాడు. లక్ష్మీనరసమ్మ ఎందుకైనా మంచిదని గోల్ బజార్‌లో కొన్న బకెట్టు నిండా నీళ్లతో దూరంగా నిలబడి ఉంది. పరుగున వచ్చి కొడుకు మీద గుమ్మరించింది. "లెగరా నాన్నా, లెగు," అంటూ ముఖం తుడిచింది. అక్కడే ఉన్న నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి, జగన్నాథం గారిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన వాచీ చూసుకుని, అరగంట అయ్యాక వంగి, చొక్కా ముట్టుకుని, రాసుకున్నారు.

సూర్యం బతికాడు. కళ్లు తెరిచేసరికి సాయంత్రమైంది. నివేదిక అప్పటికే టైపయింది: "నిర్ణీత సమయానికి అభ్యర్థి చొక్కా పూర్తిగా తడిసి ఉన్నది. చెమట సమృద్ధి. ఎండ డ్యూటీకి అర్హుడు. పళ్ల విషయం సంఘం పరిశీలనలో ఉన్నది."

ఆ ఎండకు జగన్నాథం గారికి వడ కొట్టింది. అంత చెమట ప్రాణానికి మంచిది కాదని ఒకటో గదివారూ తొమ్మిదో గదివారూ మొదటిసారి కలిసి ఒకే కాగితం మీద సంతకం పెట్టారు. ఇప్పుడాయన స్టోరు గదిలో కూర్చుంటున్నారు.

కుళాయి ఆ గది బయటే ఉంది. గంటకోసారి సూర్యం చొక్కా తడుపుకుని మళ్లీ పట్టాల మీదికి వెళ్తుంటే, ఆయన ఫ్యాను కింద కూర్చునే, గదికి వచ్చినవాళ్లకు చూపించి, "చూశారా, ఎంత చెమటో," అంటారు.